జి-సి-డి నా, ఏ-డి-ఇ నా? మూడు కార్డ్స్‌తో పాటలు మొదలుపెట్టేవాళ్ళకి

గిటార్ కొన్న ప్రతివాడూ రెండో వారంలో అడిగే ప్రశ్న ఒకటే. "మూడు కార్డ్స్ వస్తే బోలెడు పాటలు వాయించెయ్యొచ్చంటారే, ఆ మూడూ ఏవి?" (కార్డ్ అంటే మూడు నాలుగు స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం; జి, సి, డి లాంటివి వాటి ఇంగ్లీషు అక్షరాల పేర్లు.) దీనికి తలా ఒక జవాబు చెబుతారు. ఒకరు జి-సి-డి అంటారు, ఇంకొకరు ఏ-డి-ఇ అంటారు, కీబోర్డు వచ్చినాయన మాత్రం సి-ఎఫ్-జి తప్ప లోకంలో ఇంకోటి లేదన్నట్టు మాట్లాడతాడు. అందరూ నిజమే చెబుతున్నారు, తంటా అంతా అక్కడే వచ్చింది.

నేను 34 ఏళ్ళకి మొదలుపెట్టినవాణ్ణి. మాది తిరుపతి, కొర్లగుంట. రాత్రి షాపు కట్టేసి, తిని, మిద్దె మీదికి పోయి ఒక గంట వాయించుకుంటా, అంతే నా సంగీతం. మొదటి గిటార్ చెన్నైలో కొని రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నా. నేర్పినాయన (పేరెందుకులే) మొదటిరోజే సి-ఎఫ్-జి పట్టించాడు. ఆ ఎఫ్ దగ్గరే నాకు మూడు నెలలు పోయాయి, చూపుడువేలు పక్కన కాయ కాసింది, కార్డ్ మాత్రం డబ్బాలో గులకరాళ్ళు కదిలించినట్టే మోగేది. గిటార్ అమ్మేద్దామనుకున్నా. అందుకని ఇది రాస్తున్నది మేధావిగా కాదు, తప్పు మూడింటితో మొదలుపెట్టి నష్టపోయినవాడిగా.

ముందు ఈ మూడు ఎక్కణ్ణించి వచ్చాయో చూద్దాం. ఇంట్లో సంగీతం క్లాసుకి పోయే పిల్లలుంటే ఇది ఇట్టే అర్థమవుతుంది. సా మీద ఒక కార్డ్, మా మీద ఒకటి, పా మీద ఒకటి. సా మీద కట్టినదాంట్లో స-గ-ప ఉంటాయి, మా మీద కట్టినదాంట్లో మ-ధ-స, పా మీద కట్టినదాంట్లో ప-ని-రి. లెక్కపెట్టండి, ఏడు స్వరాలూ వచ్చేశాయి. శంకరాభరణం రాగం మొత్తం ఈ మూడు డబ్బాల్లో సర్దేసినట్టే. అందుకే ఆ స్వరాల్లో నడిచే సాదా పాట, జోలపాటైనా, భజన పాటైనా, కేకు కోసేటప్పుడు అందరూ పాడే పుట్టినరోజు పాటైనా, ఎక్కడికక్కడ ఈ మూడింట్లో ఒకదానికి అతుక్కుంటుంది.

అంటే జి-సి-డి, ఏ-డి-ఇ, డి-జి-ఏ, సి-ఎఫ్-జి, ఇ-ఏ-బి అన్నీ ఒకే సరుకు. సా ఎక్కడ పెట్టుకున్నామన్నదొక్కటే తేడా. జి-సి-డి లో వచ్చే పాట ఏ-డి-ఇ లోనూ వస్తుంది, కాస్త పైశృతిలో. మరి ఎంచుకోవడం దేనికంటే, ఒకటి వేళ్ళ కోసం, రెండు గొంతు కోసం. కొత్తవాళ్ళు గొంతు సంగతి అసలు పట్టించుకోరు. వేళ్ళ సంగతి పట్టించుకుంటారు కానీ తప్పుగా చూస్తారు: పట్టుకోవడానికి సులువైన కార్డ్ ఏదని చూస్తారు. పాటలో చెయ్యి ఒక కార్డ్ మీద కూర్చోదు కదా, ఒకదాన్నించి ఇంకోదానికి పోతూనే ఉంటుంది. ఆ పోవడంలో ఎన్ని వేళ్ళు లేస్తున్నాయన్నది చూడాలి.

అలా చూస్తే నా ఓటు ఏ-డి-ఇ కి.

ఎందుకో వేళ్ళతో సహా చెబుతా, గిటార్ ఒళ్ళో పెట్టుకుని చదవండి. సన్నతీగ ఒకటోది, అన్నిటికన్నా లావుది ఆరోది. మెడ మీద అడ్డంగా ఉన్న కమ్మీల మధ్య ఒక్కో గడీ ఒక ఫ్రెట్, తల వైపు నించి లెక్క. 'ఏ' అనే కార్డ్‌కి రెండో ఫ్రెట్‌లోనే మూడు వేళ్ళూ పట్టాలి. చాలామంది చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు వరసగా నాలుగు, మూడు, రెండు తీగల మీద పెడతారు. అలా కాకుండా చూపుడువేలు మూడో తీగ మీద పెట్టండి, నడిమివేలు దాని పైన నాలుగో తీగ మీద, ఉంగరపువేలు రెండో తీగ మీద. మొదట వంకరగా అనిపిస్తుంది, రెండ్రోజులు ఓపిక పట్టండి. ఇప్పుడు డి కి పోవాలి. డి లో కూడా మూడో తీగ రెండో ఫ్రెట్ ఉంది, అక్కడ చూపుడువేలు ఉండనే ఉంది, దాన్ని కదిలించే పనే లేదు. ఉంగరపువేలు తన రెండో తీగ మీదే ఒక ఫ్రెట్ ముందుకు, నడిమివేలు ఒకటో తీగ మీదికి. ఇక ఇ కి పోవాలంటే చూపుడువేలు అదే మూడో తీగ మీద ఒక ఫ్రెట్ వెనక్కి జారుతుంది, మిగతా రెండూ ఐదు, నాలుగు తీగల మీదికి ఎగురుతాయి. పాట మొత్తంలో చూపుడువేలు మూడో తీగని వదలదు. చీకట్లో మెట్లు దిగేటప్పుడు గోడకి చెయ్యి ఆనించుకున్నట్టు ఉంటుంది, కరెంటు పోయినా చెయ్యి దారి తప్పదు (మా మిద్దె మీద ఇది చాలాసార్లు పరీక్షకి వచ్చింది).

ఇంకో లాభం ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. ఆరో తీగ ఇ, ఐదోది ఏ, నాలుగోది డి. ఈ మూడు కార్డ్స్‌కీ కింది స్వరం ఖాళీ తీగే. కుడిచేతి బొటనవేలితో ఆ తీగని ఒకసారి మీటి, మిగతా తీగలు కిందికి గీసుకుంటే చాలు, పక్కన ఇంకొకరు బేస్ వాయిస్తున్నంత నిండుగా ఉంటుంది. ఎడమచేత్తో ఏదైనా తప్పు పట్టినా ఆ బేస్ తప్పదు కాబట్టి పాట పడిపోదు.

లోటు లేదా అంటే ఉంది. ఏ లో మూడు వేళ్ళు ఒకే ఫ్రెట్‌లో ఇరుక్కోవాలి. లావు వేళ్ళవాళ్ళకి ఇది బొత్తిగా గిట్టదు, ఒకటో తీగకి వేలు తగిలి మూగబోతుంది. మా పక్కింటి అన్న ఒకాయన వెల్డింగ్ పని చేస్తాడు, ఆయన వేళ్ళకి ఏ పట్టించడం నా వల్ల కాలేదు, జి లోకి పంపించేశా, హాయిగా వాయిస్తున్నాడు.

జి-సి-డి దగ్గరికి వద్దాం. నెట్‌లో ఎక్కువమంది చెప్పేది ఇదే. మోత విషయంలో దీన్ని కొట్టేది లేదు. జి కార్డ్‌లో ఆరు తీగలూ మోగుతాయి, దేన్నీ వదిలిపెట్టి గీయాలన్న టెన్షన్ ఉండదు. పది మంది గుంపుగా పాడే చోట, హాస్టల్ వరండాలోనో చర్చి క్వయర్‌లోనో, మైక్ లేకుండా వినబడాలంటే జి యే. కానీ పుస్తకంలో ఉన్నట్టు జి నించి సి కి పోవడం కొత్తవాళ్ళకి నరకం. మూడు వేళ్ళూ ఒకేసారి గాల్లోకి లేవాలి, మూడూ కొత్త చోట దిగాలి. ఈలోగా పాట రెండు మాటలు ముందుకి పోయుంటుంది.

దీనికో కిటుకు ఉంది. జి ని నాలుగు వేళ్ళతో పట్టండి: నడిమివేలు ఆరో తీగ మూడో ఫ్రెట్, చూపుడువేలు ఐదో తీగ రెండో ఫ్రెట్, ఉంగరపువేలు రెండో తీగ మూడో ఫ్రెట్, చిటికెనవేలు ఒకటో తీగ మూడో ఫ్రెట్. సి కావాల్సి వచ్చినప్పుడు కింది రెండు వేళ్ళూ కదపకుండా, పై రెండు వేళ్ళనీ ఒక్కో తీగ కిందికి దించండి. వచ్చింది అచ్చమైన సి కాదు, సి యాడ్ నైన్ అంటారు, సి లో రి స్వరం కలిసిందన్నమాట, వినడానికి ఇంకా తియ్యగా ఉంటుంది. డి కి పోయేటప్పుడు ఉంగరపువేలు ఉన్నచోటే ఉంటుంది. అంటే ఇక్కడ కూడా ఒక వేలు పాటంతా తన తీగని వదలదు. ఇలా పట్టేట్టయితే జి-సి-డి కూడా ఏ-డి-ఇ అంత సులువే, చిటికెనవేలు మాట వినడానికి ఒక వారం పదిరోజులు ఎక్కువ పడుతుంది, అంతే.

సి-ఎఫ్-జి ని మొదట్లో వద్దనే చెబుతా. ఎఫ్ కి చూపుడువేలితో ఆరు తీగలూ అడ్డంగా నొక్కాలి, అదీ ఒకటో ఫ్రెట్‌లో, అక్కడ తీగలు అన్నిటికన్నా బిగువుగా ఉంటాయి. మనం మొదట కొనే చవక గిటార్లలో తీగ ఎత్తు కూడా ఎక్కువే, ఇంక చెప్పేదేముంది. కీబోర్డు మీద మాత్రం ఈ మూడూ తెల్లమెట్ల మీదే వచ్చేస్తాయి కాబట్టి ఆయనకి సుఖం. ఆయన సుఖానికి మీ వేళ్ళు బలి కానక్కర్లేదు. ఆయన "సి లో" అన్నప్పుడు కాపోని (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్‌లో అడ్డంగా నొక్కి పట్టే క్లిప్పు) మూడో ఫ్రెట్‌లో బిగించి ఏ-డి-ఇ వాయించండి, సి-ఎఫ్-జి యే వినబడుతుంది. ఎవరూ కనిపెట్టరు.

ఇ-ఏ-బి గురించి పెద్దగా చెప్పను. బి బదులు బి సెవెన్ పడతారు, నాలుగు వేళ్ళూ కావాలి. బ్లూస్ అనే అమెరికన్ బాణీ పిచ్చి ఉన్నవాళ్ళకి ఇది ఇల్లులాంటిది. నాలుగు బార్లు (బారంటే తాళంలో ఒక చుట్టు) ఇ, రెండు ఏ, రెండు ఇ, తర్వాత బి, ఏ ఒక్కోటి, మళ్ళీ రెండు ఇ, పన్నెండు బార్ల చక్రం. మిగతావాళ్ళకి రెండో ఏడాది చాలు.

ఇప్పుడు గొంతు సంగతి. నాకు ఇది నలుగురిలో పరువు పోయాక తెలిసింది.

మా అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితికి పిల్లల చేత పాటలు పాడిస్తారు. మా చెల్లెలి కూతురు ఎస్వీ మ్యూజిక్ కాలేజీలో గాత్రం నేర్చుకుంటోంది, మంచి గొంతు. మామ గిటార్ వాయిస్తాడు, కోడలు పాడుతుంది, ఇదీ ప్రోగ్రాం. ప్రాక్టీస్ ఏం చేస్తాంలే, రోజూ ఇంట్లో పాడే భజన పాటే కదా అనుకున్నాం. అప్పటికి నాకొచ్చింది సి-ఎఫ్-జి ఒక్కటే. పల్లవి ఎలాగో నడిచింది. చరణంలో పైకి పోయేసరికి పిల్ల గొంతు చీలిపోయింది, రెండో చరణం కింది స్థాయిలో అందుకుంది, మైకులో గాలి తప్ప ఏమీ వినబడలేదు. దిగి వచ్చాక "మామా, నాది ఐదున్నర. నువ్వు ఒకటిలో వాయిస్తే నేను యాడికి పోయేది?" అనింది. కోపంగా కూడా కాదు, జాలిగా.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేసుకున్నా. సంగీతంవాళ్ళు ఒకటి శృతి అనేది గిటార్‌లో సి. ఒకటిన్నర అంటే సి షార్ప్, రెండు డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, ఐదు జి, ఐదున్నర జి షార్ప్, ఆరు ఏ, ఏడు బి. మూడున్నర లేదు, ఇ కి ఎఫ్ కి మధ్య నల్లమెట్టు లేదు కదా. మామూలుగా మగవాళ్ళు ఒకటి, రెండు చుట్టుపక్కల పాడతారు, ఆడవాళ్ళు ఐదు, ఆరు చుట్టుపక్కల. నేను వాయించిన సి కి, పిల్ల పాడే ఐదున్నరకి మధ్య నాలుగు ఫ్రెట్ల దూరం. గొంతు చీలక ఏమవుతుంది.

కాపో ఉంటే ఇదంతా చిటికెలో తేలిపోయేది. కాపో ఒక్కో ఫ్రెట్ ముందుకు జరిగితే శృతి ఆ లెక్కలో ఒక్కో మెట్టు పెరుగుతుంది. అది పైకే పెంచుతుంది, కిందికి దించలేదు, అందుకే ఒక్క సెట్‌తో పని జరగదు, కానీ అన్నీ నేర్చుకోనూ అక్కర్లేదు. ఏ-డి-ఇ వచ్చాక జి, సి రెండూ కలుపుకుంటే జి-సి-డి వస్తుంది. అప్పుడు డి-జి-ఏ అనే మూడో సెట్ ఊరికే వచ్చేస్తుంది, అందులో మీకు రాని కార్డ్ లేదు. మొత్తం ఐదు కార్డ్స్. డి-జి-ఏ ని కాపో లేకుండా మొదలుపెట్టి నాలుగో ఫ్రెట్ దాకా జరిపితే రెండు నించి నాలుగున్నర శృతి దాకా దొరుకుతాయి. జి-సి-డి కాపో లేకుండా ఐదు, ఒకటో ఫ్రెట్‌లో ఐదున్నర. ఏ-డి-ఇ కాపో లేకుండా ఆరు, అక్కణ్ణించి నాలుగో ఫ్రెట్‌కి పోయేసరికి ఆరున్నర, ఏడు, ఒకటి, ఒకటిన్నర. పన్నెండు శృతులూ అయిపోయాయి. కాపో ఖరీదు ఒక మంచి భోజనమంత.

అయితే మీ శృతి తెలిసినంత మాత్రాన సరిపోదు, పాటలో అన్నిటికన్నా పై స్వరం ఏదో చూసుకోవాలి. పుట్టినరోజు పాటనే తీసుకోండి. అది కింది పా దగ్గర మొదలై మూడో వరుసలో పేరు పిలిచే ముందు పై పా కి ఒక్క గెంతు గెంతుతుంది. ఏ పార్టీలో చూసినా జనం గొంతులు కీచుమనేది అక్కడే. అందుకని పాట మొదలు నించి కాకుండా ఆ పై చోటు ముందు పాడి చూడండి, హాయిగా అందిందా, ఆ శృతి మీది. ఏ-డి-ఇ లో ఈ పాట కార్డ్స్ కూడా చెప్పేస్తా, మొదటి వరుస ఏ తో మొదలై ఇ కి పోతుంది, రెండోది ఇ నించి ఏ కి వస్తుంది, మూడోది ఏ నించి డి కి, చివరిది ఏ, ఇ, ఏ. మూడు దెబ్బల నడక. మొట్టమొదట నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు, ఏడాదిలో పది సార్లయినా పనికొస్తుంది.

కాబట్టి ఎవరికి ఏది? మీరు మగవాళ్ళు, మీ పాట మీరే పాడుకుంటారు, వేళ్ళు మామూలుగా ఉన్నాయి, అయితే ఏ-డి-ఇ తో మొదలుపెట్టి మూడు నాలుగు ఫ్రెట్ల దగ్గర కాపో పెట్టుకోండి. కాపో పెట్టడంలో ఇంకో సుఖం, తీగ ఎత్తు తగ్గుతుంది, ఫ్రెట్లు దగ్గరవుతాయి, వేళ్ళ నొప్పి సగం పోతుంది, పిల్లలకి కూడా నేను ఇలాగే మొదలుపెట్టిస్తా. ఆడవాళ్ళు పాడుకోవడానికైనా, పాడే అమ్మాయి పక్కన వాయించడానికైనా జి-సి-డి నాలుగు వేళ్ళ పద్ధతి. లావు వేళ్ళవాళ్ళకి కూడా అదే. గొంతుకి డి శృతి కుదిరినా డి-జి-ఏ ని మొదటి సెట్‌గా వద్దు, అందులో డి మాటిమాటికీ వస్తుంది, దాంట్లో లావు తీగలు రెండూ తగలకూడదు కాబట్టి కొత్త చెయ్యి అదుపు తప్పుతుంది, మూడో సెట్‌గా దానంతట అదే వస్తుంది కదా.

ఇవన్నీ వద్దు, నాకు ఏడుపు పాటలే ఇష్టం అనేవాళ్ళుంటారు. మన సినిమా పాటల్లో వాటికేం తక్కువ లేదు. వాళ్ళు ఏ మైనర్-డి మైనర్-ఇ పట్టుకోండి. ఏ మైనర్ ఆకారాన్ని అలాగే ఎత్తి ఒక తీగ పైకి, అంటే లావు తీగ వైపు, జరిపితే ఇ అయిపోతుంది, నేర్చుకునేదల్లా డి మైనర్ ఒక్కటే. ఈ మూడింట్లోనూ ఏడు స్వరాలూ ఉంటాయి, కలిపితే కీరవాణి. ఇ బదులు ఇ మైనర్ పట్టారనుకోండి, నిషాదం ఒక మెట్టు దిగి నటభైరవి అవుతుంది. ఒక్క వేలు ఎత్తితే రాగం మారిపోతుంది, మా కోడలికి ఇది చూపిస్తే పది నిమిషాలు ఆ వేలు ఎత్తిస్తూ దించిస్తూ కూర్చుంది.

అన్నమయ్య కీర్తనలు వాయించాలని ఈ ఊళ్ళో ఎవరికుండదు. కానీ గమకాలున్న రాగం కింద కార్డ్స్ మార్చుకుంటూ పోతే పాట ఒక దిక్కు, గిటార్ ఒక దిక్కు లాగుతాయి. అక్కడ మూడు కార్డ్స్ మాట మరిచిపోయి స-ప మాత్రం మోగించండి. శృతి ఆరు (అంటే 'ఏ') అయితే ఐదో తీగ ఖాళీ, నాలుగో తీగ రెండో ఫ్రెట్, ఈ రెండే. గాంధారం లేదు కాబట్టి దాదాపు ఏ రాగంతోనూ గొడవ పడదు, తంబురా లాగా వెనకాల పడి ఉంటుంది.

రోజూ చెయ్యాల్సింది ఒకటే: ఫోన్‌లో నిమిషం టైమర్ పెట్టి, రెండు కార్డ్స్ మధ్య ఎన్నిసార్లు మారగలరో లెక్కపెట్టండి. ముప్పై దాటితే పాటలోకి దిగొచ్చు. దిగాక కుడిచెయ్యి మాత్రం ఆగకూడదు, ఎడమచెయ్యి ఆలస్యమైతే తప్పు మోత మోగనివ్వండి. గంగజాతరలో పలకలు కొట్టేవాళ్ళని చూడండి, వేషగాడు పక్కకి పడినా జనం మీద పడినా దెబ్బ ఆగదు.

తర్వాతి చవితికి జి ఆకారాలు, ఒకటో ఫ్రెట్‌లో కాపో, ఐదున్నర, అన్నీ సిద్ధం. తీరా స్టేజీ పక్కన బ్యాగు తెరిస్తే కాపో లేదు, మిద్దె మీద పిట్టగోడ మీదే ఉండిపోయింది. కోడలు కంపాస్ బాక్స్‌లోంచి పెన్సిల్ తీసి ఒకటో ఫ్రెట్ మీద అడ్డంగా పెట్టి, రెండు వైపులా రబ్బరు బ్యాండ్లు బిగించింది. ఆరో తీగ కాస్త బుర్రుమంది కానీ శృతి నిలబడింది, చరణంలో పిల్ల పైకి పోయి అక్కడే ఒక సంగతి కూడా వేసింది. రెండో పాట మధ్యలో పెన్సిల్ ఊడి మృదంగం అబ్బాయి ఒళ్ళో పడింది.